రక్తం 8 పాయింట్లు, చేతిలో ఆకుకూరల పాంప్లెట్

ప్రతి నెలా 9వ తారీఖు మా పీహెచ్‌సీలో, అంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో, గర్భిణుల చెకప్ ఉంటుంది. 2016 నుంచి దేశమంతా అదే తారీఖు, ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ అని దానికో పొడుగు పేరుంది గానీ పల్నాడులో మా వైపు "తొమ్మిదో తారీఖు చెకప్" అంటేనే అందరికీ తెలుస్తుంది. ఆ రోజు లైన్ ఎలా నడుస్తుందంటే ముందు బరువు, తర్వాత బీపీ, తర్వాత వేలు పొడిచి రక్తం చుక్క, తర్వాత డాక్టరమ్మ, ఆ తర్వాత మందుల కిటికీ, ఇవన్నీ అయ్యాక చిట్టచివర ఒక ప్లాస్టిక్ కుర్చీ, అందులో నేను. న్యూట్రిషన్ కౌన్సెలింగ్ అంటే అదన్నమాట. నా దగ్గరికి వచ్చేసరికి మధ్యాహ్నం అయిపోతుంది, మనిషికి ఆకలేస్తుంటుంది, తోడొచ్చిన ఆశా అక్కకి ఇంకో ముగ్గుర్ని తీసుకెళ్ళాల్సిన ఆటో హారన్ కొడుతుంటుంది, ఇక ఆ రెండు నిమిషాల్లో చాలాచోట్ల జరిగేది ఒక్కటే, "ఆకుకూరలు తినమ్మా, పండ్లు తినమ్మా, పాలు గుడ్లు తీసుకోమ్మా, మాత్రలు మానొద్దు" అని చెప్పి ఆపిల్, దానిమ్మ, క్యారెట్ బొమ్మలున్న పాంప్లెట్ ఒకటి చేతిలో పెట్టడం. ఆమె తలూపుతుంది. రిజిస్టర్లో కౌన్సెలింగ్ అయిపోయినట్టు టిక్కు పడుతుంది.

నాకు ఈ "తినమ్మా" కౌన్సెలింగ్ అంటే ఒళ్ళు మంట. ఎందుకంటే ఆకుకూరలు మంచివని తెలియని ఆడమనిషి మన రాష్ట్రంలో ఉందా అసలు? తెలియక కాదు కదా తిననిది.

లెక్క ఒకసారి చూడండి. గర్భిణికి వంద మిల్లీలీటర్ల రక్తంలో హిమోగ్లోబిన్ కనీసం 11 గ్రాములు ఉండాలి, మన భాషలో 11 పాయింట్లు. 10 నుంచి 11 లోపు ఉంటే కొద్దిగా తక్కువ, 7 నుంచి 10 లోపు అయితే మధ్యరకం, 7 కంటే దిగిందంటే సీరియస్. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో గర్భిణుల్లో 52.2 శాతం మందికి రక్తహీనత, అంతకుముందు సర్వేలో 50 చిల్లర, అంటే తగ్గాల్సింది పోయి పెరిగింది. మన ఆంధ్రాలోనూ తెలంగాణలోనూ సగానికి పైనే. ఇంకో సంగతి, అదే సర్వేలో ఐరన్ మాత్రలు 180 రోజులు వాడామని చెప్పిన తల్లులు దేశం మొత్తమ్మీద 26 శాతమే. మాత్రలు ఊరూరా ఉన్నాయి, 1970 నుంచి ఈ దేశంలో గర్భిణులకి ఐరన్ మాత్రలు పంచే ప్రోగ్రాం నడుస్తోంది, మరి ఎక్కడ పోతోంది ఇదంతా అంటే, నా అనుభవంలో చాలావరకు ఆ ఆఖరి కుర్చీ దగ్గరే పోతోంది.

కడుపుతో ఉన్నప్పుడు రక్తం ఎందుకు తగ్గుతుందో కూడా చాలామందికి ఎవరూ సరిగ్గా చెప్పరు. ఆ టైంలో ఒంట్లో రక్తం పెరుగుతుంది, కానీ అందులో నీటిభాగం సగానికి దగ్గరగా పెరిగితే ఎర్రకణాలు అంత పెరగవు, చిక్కటి పప్పుచారులో ఇంకో చెంబు నీళ్ళు పోసినట్టు పలచబడుతుంది. అది మామూలే. దాని మీద బిడ్డకి, మాయకి, పెరిగే రక్తానికి, కాన్పులో పోయేదానికి అన్నీ కలిపి తొమ్మిది నెలల్లో సుమారు 1000 మిల్లీగ్రాముల ఐరన్ అదనంగా కావాలి, అదీ ఎక్కువ భాగం నాలుగో నెల దాటాకే. మామూలు రోజుల్లోనే ఒంట్లో నిల్వ లేని అమ్మాయి ఇంత ఎక్కణ్ణుంచి తెస్తుంది? ఆంధ్రాలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళని మొత్తం తీసుకుంటేనే 58.8 శాతం మందికి రక్తం తక్కువ అని అదే సర్వే చెప్పింది, అంటే నెల తప్పకముందే ఖాళీ అన్నమాట.

సరే, నేను చేసే పని ఏంటంటే, పాంప్లెట్ పక్కన పెట్టి ఒక్క ప్రశ్న అడుగుతా. నిన్న పొద్దున లేచిన దగ్గర్నుంచి రాత్రి పడుకునేదాకా నోట్లో ఏమేం పెట్టుకున్నావో వరసగా చెప్పమ్మా అని. మంచినీళ్ళు కూడా, వక్కపలుకు కూడా. చదువుకున్నప్పుడు దీనికి ఒక పేరు నేర్పారు, ఇంత పెద్ద ఫారం కూడా ఉంటుంది, నాకు ఫారం అక్కర్లేదు, వింటే చాలు.

మిరప కోతలప్పుడు వచ్చిన ఒక అమ్మాయి సంగతి చెప్తా. ఆరో నెల, రెండో కాన్పు, 8.4 పాయింట్లు. అమ్మాయి వెనకాలే అత్త నిలబడి ఉంది.

"నిన్న పొద్దున్నే ఏం తిన్నావమ్మా?"

"టీ తాగా మేడమ్."

"టీతో పాటు?"

"రెండు బిస్కెట్లు. ఆటో తొందరగా వచ్చుద్దిగా, క్యారేజీ కట్టుకుని ఎక్కేయడమే."

"క్యారేజీలో ఏం పెట్టుకున్నావు?"

"అన్నం, గోంగూర పచ్చడి. పదింటికి చేలో తిన్నాం. తినగానే మేస్త్రి టీ పోయించాడు."

"మధ్యాహ్నం?"

"అదే అన్నం, మజ్జిగేసుకుని. సాయంత్రం ఇంటికొచ్చాక టీ. టీతోనే ఆ ఎర్ర బిళ్ళ, తెల్ల బిళ్ళ ఏసుకుంటా, ఉత్త కడుపుతో ఏసుకుంటే వాంతికొస్తంది. రాత్రికి అన్నం, చారు, ఆమ్లెట్టు ఉంటే ఆమ్లెట్టు."

చూశారా, ఈ అమ్మాయి మాత్ర వేసుకుంటోంది! మానలేదు. కార్డులో మాత్రలు ఇచ్చినట్టు ఉంది, ఆశా అక్క కూడా "రోజూ వేసుకుంటది మేడమ్, మంచి పిల్ల" అంది. గోంగూర తింటోంది, అంటే ఆకుకూర కూడా తింటోంది. ఈమెకి వెళ్ళి "ఆకుకూరలు తిను, మాత్రలు మానకు" అని చెప్తే ఏం లాభం? ఈమె సమస్య టీ. మాత్ర టీతో పడుతోంది, టీలో ఉండే వగరు పదార్థం ఐరన్‌ని పట్టేసుకుని ఒంటికి పట్టనివ్వదు. అదే గుక్కలో తెల్ల బిళ్ళ, అంటే క్యాల్షియం, అది కూడా ఐరన్‌కి అడ్డమే. గోంగూర అన్నం తిన్న వెంటనే మళ్ళీ టీ. ఇంకా అడిగితే గ్యాస్ మాత్ర కూడా రోజూ వేసుకుంటోందని బయటపడింది, ఊళ్ళో ఆర్ఎంపీ ఇచ్చాడంట, కడుపులో ఆమ్లం తగ్గితే ఐరన్ ఇంకా తక్కువ పడుతుంది. ఇన్ని అడ్డాలు పెట్టుకుని పాపం రోజూ మాత్ర మింగుతోంది, నోటికి చేదు, కడుపుకి వికారం, ఫలితం మాత్రం చాలా తక్కువ.

ఆమెకి నేను చెప్పినవి రెండే. రెండంటే రెండే, ఎందుకంటే ఐదు చెప్తే గుమ్మం దాటేలోపు మూడు మర్చిపోతుంది. ఎర్ర మాత్ర రాత్రి అన్నం తిన్నాక గంట గంటన్నర ఆగి పడుకునే ముందు నిమ్మకాయ పిండిన నీళ్ళతో వేసుకో, తెల్లది పొద్దున తిండితో వేసుకో, రెండిటికీ మధ్య కనీసం రెండు గంటలు ఉండాలి. రెండోది, అన్నానికి ముందు గంట వెనక గంట టీ వద్దు. టీ మానెయ్ అని నేను అనను, చేలో పనిచేసే మనిషికి పదింటి టీ ఎంత అవసరమో ఎండలో వంగి మిరపకాయలు కోసినవాళ్ళకే తెలుస్తుంది, ఆ టీని పదకొండున్నరకి జరుపుకో, మేస్త్రితో నేను ఫోన్లో మాట్లాడతా అన్నా. మాట్లాడా కూడా, ఆయన నవ్వి "టీ ఎప్పుడైతే ఏముందమ్మా, కెటిల్ నా దగ్గరేగా" అన్నాడు. హైదరాబాద్‌లో ఎన్ఐఎన్ ఉంది కదా, తార్నాకలో, జాతీయ పోషకాహార సంస్థ, వాళ్ళు 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో కూడా ఈ గంట ముందు గంట వెనక మాటే ఉంది, నా సొంత పైత్యం కాదు.

డబ్బు ఖర్చు లేదు, కొత్త వంట లేదు. ఊరికే టైం మార్పు. గ్యాస్ మాత్ర సంగతి మాత్రం డాక్టరమ్మ దగ్గరికే పంపా, అది నా పరిధి కాదు.

ఇక ఎర్రటివి తింటే ఎర్ర రక్తం పడుతుందనే నమ్మకం గురించి. బీట్‌రూట్, దానిమ్మ, ఆపిల్. కూలి చేసుకునే ఇళ్ళల్లో కూడా అల్లుడు పాపం నరసరావుపేట వెళ్ళి దానిమ్మకాయలు కొనుక్కొస్తాడు, అవి భార్య ఒక్కతే తినాలని దాచిపెడతాడు, ఆ ప్రేమ చూస్తే ముచ్చటేస్తుంది, కానీ ఎన్ఐఎన్ వాళ్ళ ఆహార పట్టికలు తీసి చూస్తే బీట్‌రూట్‌లో గానీ దానిమ్మలో గానీ వంద గ్రాములకి ఒక మిల్లీగ్రాము ఐరన్ కూడా లేదు. గర్భిణికి రోజుకి కావాల్సింది 27 మిల్లీగ్రాములు. అదే తోటకూరలో నాలుగున్నర దాకా ఉంటుంది, రాగుల్లో కూడా దాదాపు అంతే, సజ్జల్లో 6 పైన. బెల్లంలో కూడా నాలుగు పైనే అని మురిసిపోతాం గానీ వంద గ్రాముల బెల్లం ఎవరు తింటారు, చిన్న ముక్క తింటే వచ్చేది అర మిల్లీగ్రాము. బెల్లం పేరు చెప్పి షుగర్ ఉన్న గర్భిణులకి లడ్డూలు పెట్టే ఇళ్ళు కూడా చూశా, అది ఇంకో తలనొప్పి. దానిమ్మ తినొద్దని కాదు, అందులో వేరే మంచి ఉంది, ఆ డబ్బులు రక్తం కోసమే ఖర్చు పెడుతుంటే మాత్రం అదే డబ్బుతో వారానికి సరిపడా జామకాయలు, శనగలు వస్తాయి అని చెప్తా అంతే.

జామకాయ ఎందుకంటే ఆకుల్లో పప్పుల్లో ఉండే ఐరన్ ఒంటికి పట్టడం చాలా కష్టం, వందలో ఐదో ఎనిమిదో పాళ్ళు పడుతుంది, పక్కన సి విటమిన్ ఉంటే అది పెరుగుతుంది. కమలాపండు కంటే జామకాయలో సి విటమిన్ కొన్ని రెట్లు ఎక్కువ, మా వైపు పెరట్లో ఊరికే కాస్తాయి. నిమ్మకాయ, ఉసిరికాయ సరేసరి. ఇక్కడ మన వంటలో ఒక చిక్కుంది, తోటకూర పులుసు పొయ్యి మీద అరగంట ఉడికిస్తాం, నిమ్మకాయ కూడా పొయ్యి మీదే పిండేస్తాం, వేడికి సి విటమిన్ చాలా పోతుంది. దించాక, ఇంకా చెప్పాలంటే కంచంలో పిండుకోవాలి. శనగలు, పెసలు, అలసందలు నానబెట్టి మొలకలొచ్చాక ఉడికిస్తే ఐరన్ ఇంకాస్త బాగా పడుతుంది. ఇంకోటి, ఇనుప మూకుడు. మా అమ్మమ్మ కాలంలో పులుసు కూరలు ఇనుప మూకుట్లో వండితే నల్లబడతాయని తిట్టుకునేవాళ్ళు, ఆ నలుపులో కొంత ఐరనే, పులుపు తగిలితే మూకుడు నుంచి కూరలోకి దిగుతుంది. నాన్‌స్టిక్ వచ్చాక ఇనుప మూకుళ్ళు అటకెక్కాయి. వేపుళ్ళకైనా కిందకి దించమంటా. వండాక కూర అందులోనే వదిలేయకుండా వేరే గిన్నెలోకి తీసుకుంటే సరిపోతుంది, రుచి కూడా పోదు.

మాంసం తినేవాళ్ళకి ఈ తిప్పలు సగం తక్కువ. మాంసంలో, చేపలో ఉండే ఐరన్ ఎక్కువ పాళ్ళు పడుతుంది, పైగా పక్కన ఉన్న పప్పులోది కూడా లాక్కొస్తుంది. ఆదివారం కోడికూర వండినప్పుడు ఆమె కంచంలో ముక్క పడుతోందా, రసమే పడుతోందా అని కూడా అడుగుతా. నవ్వుతారు గానీ చాలా ఇళ్ళల్లో సమాధానం రసమే. కార్జం గురించి అందరూ అడుగుతారు, అందులో ఐరన్ బాగానే ఉంది కానీ విటమిన్ ఎ మరీ ఎక్కువ, కడుపుతో ఉన్నప్పుడు, అందులోనూ మొదటి మూడు నెలల్లో, అంత మంచిది కాదు, అందుకే డాక్టర్ని అడగకుండా కార్జం జోలికి వెళ్ళొద్దంటా. ఎండు చేపలు ఇష్టమైతే ఉప్పు బాగా కడిగి తినొచ్చు, బీపీ ఉంటే అసలు వద్దు.

బలపాలు గురించి చెప్పకపోతే ఈ పోస్ట్ పూర్తికాదు. కౌన్సెలింగ్‌లో నేను తప్పకుండా అడిగే ప్రశ్న, "బలపాలు గానీ బియ్యం గానీ మట్టి గానీ తినాలనిపిస్తోందా?" అని. ముందు లేదంటారు. "మా పిన్ని కూడా తినేది, తప్పేం లేదు" అంటే అప్పుడు తల దించుకుని చెప్తారు, ఒకమ్మాయి చీర కుచ్చిళ్ళ దగ్గర దోపుకున్న చిన్న పర్సు తీసి చూపించింది, అందులో విరగ్గొట్టిన బలపం ముక్కలు, పక్కనే పది రూపాయల నోటు. వేవిళ్ళ కోరిక అని ఇంట్లో నవ్వుకుంటారు. వర్షం పడ్డప్పుడు మట్టి వాసనకి నోరూరడం, పచ్చి బియ్యం గుప్పెడు గుప్పెడు నమలడం, ఐస్ ముక్కలు కొరకడం, ఇవి చాలాసార్లు ఐరన్ తగ్గిందని ఒళ్ళు చెప్పే గుర్తులు. తిట్టి లాక్కుంటే దొంగతనంగా తింటారు. ఐరన్ ఒంటికి పట్టడం మొదలుపెట్టాక చాలామందికి ఆ యావ దానంతటదే తగ్గిపోతుంది. మట్టి తింటే నులిపురుగుల భయం కూడా ఉంది, అసలు చెప్పుల్లేకుండా చేలో తిరిగేవాళ్ళకి కొంకి పురుగులు పాదాల్లోంచే ఎక్కుతాయి, లోపల కూర్చుని రక్తం తాగుతాయి, అందుకే నాలుగో నెల దాటాక ఆల్బెండజోల్ మాత్ర ఒకటి ఇస్తారు, ఏఎన్ఎమ్, అంటే ఊరి నర్సమ్మ, ఇవ్వకపోతే అడిగి తీసుకోండి.

మళ్ళీ మిరప కోతల అమ్మాయి దగ్గరికి వస్తే, అసలు కౌన్సెలింగ్ ఆమెకి కాదు, వెనక నిలబడ్డ అత్తకి. నేను ఆమెకి కూడా ఒక కుర్చీ వేయించా, అప్పటిదాకా ఎవరూ ఆవిడని కూర్చోమనలేదు.

"కూర్చో పెద్దమ్మా, ఇంట్లో వంట నీదేనా?"

"నాదే. అది పనికిపోతే ఎవరొండుతారు మరి."

"కోడలు ఎప్పుడు తింటది?"

"అందరూ తిన్నాకే తింటది. మేం తిన్లా అట్టా? ఎక్కువ తింటే బిడ్డ లావైపోయి కాన్పు కట్టమైద్దని నేనే తగ్గించమన్నా. ఆ ఎర్ర బిళ్ళలకి కూడా పిల్ల నల్లగా పుడతదంటగా? మరి దొడ్డికి నల్లగా వస్తందంట."

ఈవిడ మీద నాకు కోపం రాలేదు. ఆవిడ కాలంలో ఆపరేషన్ చేసే డాక్టర్ దొరక్క కాన్పులో మనుషులు పోయారు, లావు బిడ్డ అంటే ఆ భయం ఊరికే వచ్చింది కాదు. "పెద్దమ్మా, బిడ్డ లావవడం కాదు, రక్తం 8 ఉంటే బిడ్డ బక్కగా పుడుతుంది, కాన్పులో కొంచెం రక్తం పోయినా ఈ పిల్ల తట్టుకోలేదు. దొడ్డికి నల్లగా రావడమంటే మాత్రలో ఒంటికి పట్టగా మిగిలింది బయటికి పోతోంది, బిడ్డ రంగుకీ దానికీ సంబంధం లేదు, బిడ్డ రంగు మీ అబ్బాయిదీ ఈ పిల్లదీ చూసి వస్తుంది" అన్నా. ఆవిడ కొంచెంసేపు ఆలోచించి "అయితే మా వోడిలా నల్లగానే పుడతాడులే" అంది. అందరం నవ్వాం. ఆ నవ్వు తర్వాతే అసలు మాటలు నడిచాయి. కోడలి కంచం ముందు తీసి పెట్టడానికి ఆవిడ ఒప్పుకుంది, పదింటి క్యారేజీలో ఉడకబెట్టిన శనగలో గుడ్డో పెట్టి పంపుతానంది.

వేడి చేస్తుందనే లిస్టు కూడా ఆవిడ చదివింది, బొప్పాయి, నువ్వులు, సజ్జలు, మునగాకు. వీటి మీద యుద్ధం చేయకూడదని నా పద్ధతి. బొప్పాయి వద్దంటే వద్దు, జామకాయ ఉంది. నువ్వులు వద్దా, పల్లీలు ఉన్నాయి. ఆవిడ మాట కొన్నిట్లో నెగ్గితేనే నా మాట ఒకట్లో వింటుంది. మునగాకు దగ్గర మాత్రం కొంచెం బేరమాడతా, ఎందుకంటే ఊళ్ళో ప్రతి వీధిలో చెట్టుంటుంది, పైసా ఖర్చు లేదు, పప్పులో వేస్తే ఇంటిల్లిపాదీ తింటారు.

అంగన్‌వాడీ నుంచి వచ్చే సరుకు సంగతి. మన దగ్గర గర్భిణులకీ బాలింతలకీ రాగిపిండి, అటుకులు, బెల్లం, పల్లీ చిక్కీ, ఎండు ఖర్జూరం, గుడ్లు, పాలు ఇలా ఇస్తూ వచ్చారు, ప్రభుత్వం మారినప్పుడల్లా పథకం పేరు మారుతుంది, సంచి మీద బొమ్మ మారుతుంది, లోపల సరుకు కాస్త అటూ ఇటూ. తెలంగాణలో అయితే ఆరోగ్య లక్ష్మి కింద 2015 నుంచి అంగన్‌వాడీలోనే కూర్చోబెట్టి ఒక పూట అన్నం పెట్టడం మొదలుపెట్టారు, అన్నం, పప్పు, కూర, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు. నా మట్టుకు నాకు ఆ పద్ధతే నచ్చుతుంది, అక్కడ తింటే ఆమె కడుపులోకి వెళ్తుంది. ఇంటికిచ్చిన చిక్కీ ఆమె తింటుందా? పెద్దోడు బడి నుంచి వచ్చి తింటాడు, ఏ తల్లి ఒక్కతే తింటుంది పిల్లాడు చూస్తుంటే. కానీ మిరప కోతల సీజన్లో మధ్యాహ్నం అంగన్‌వాడీకి వచ్చి తినమంటే ఆ రోజు కూలి ఎవరిస్తారు, అది కూడా నిజమే. దీనికి నా దగ్గర తేలికైన జవాబేం లేదు.

ఒక విషయం గట్టిగా చెప్పాలి. 8 పాయింట్లు ఉన్నప్పుడు తిండి ఒక్కదాంతో అది పెరగదు. యూట్యూబ్‌లో "వారంలో రక్తం 8 నుంచి 12" అని జ్యూస్ వీడియోలు పెట్టేవాళ్ళని చూస్తే నాకు భయమేస్తుంది. తిండి మనల్ని పడిపోకుండా చూస్తుంది, పడిపోయాక లేపేది మాత్రే. 2018లో వచ్చిన ఎనీమియా ముక్త్ భారత్ (రక్తహీనత తగ్గించడానికి కేంద్రం పెట్టిన కార్యక్రమం) లెక్క ప్రకారం రక్తం బాగున్న గర్భిణికి కూడా నాలుగో నెల నుంచి రోజుకొకటి, 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉన్న ఎర్ర మాత్ర, 180 రోజులు. 11 లోపు 7 దాకా ఉంటే రోజుకి రెండు. నెల తర్వాత మళ్ళీ పరీక్ష చేస్తే కనీసం ఒక పాయింటైనా పెరగాలి. మాత్రలు సరిగ్గా వేసుకున్నా పెరగలేదంటే ఆమెని "నువ్వు తినట్లేదు" అని తిట్టకుండా పై ఆసుపత్రికి పంపాలి, బి12 తక్కువై ఉండొచ్చు, ముఖ్యంగా శాకాహారుల్లో, పుట్టుకతో వచ్చే తలసీమియా లక్షణం ఉండొచ్చు, మన్యం వైపు, ఆదిలాబాద్ వైపు అయితే అలాంటిదే సికిల్ సెల్ కూడా చూడాలి, వీటికి ఐరన్ ఎంత పోసినా లాభం ఉండదు. మాత్ర అసలు పడనివాళ్ళకీ, నెలలు నిండుతున్నప్పుడు బయటపడినవాళ్ళకీ సెలైన్‌లో ఎక్కించే ఐరన్ ఉంది, డాక్టర్లే నిర్ణయిస్తారు. 7 కంటే తక్కువంటే ఆలస్యం చేయకుండా ఆసుపత్రి, 5 లోపంటే ఏ నెలైనా సరే అప్పటికప్పుడు అడ్మిట్ కావాలి.

కడుపుతో ఉన్నామని తెలిసిన మొదటి మూడు నెలల్లో ఇచ్చేది వట్టి ఫోలిక్ యాసిడ్, వాంతుల్లో ఐరన్ వేసుకుంటే ఇంకా ఎక్కువవుతాయి కాబట్టి ఆ టైంలో కంగారు పడక్కర్లేదు. అయితే 12 వారాల లోపే పేరు రాయించుకుంటే రక్తం ఎంతుందో ముందే తెలుస్తుంది, ఏడో నెలలో పుట్టింటికి వచ్చాక మొదటిసారి చూపించుకుంటే మాకు చేయడానికి టైం మిగలదు.

ఈ బ్లాగు చదివేవాళ్ళలో పల్నాడు కూలీలు ఎవరూ ఉండరని నాకు తెలుసు. హైదరాబాద్‌లో, బెంగుళూరులో, డాలస్‌లో ఉండేవాళ్ళే ఎక్కువ, మీకు ఇదంతా ఊళ్ళో సంగతిలా అనిపించొచ్చు. నా కజిన్ గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్, అయిదో నెల్లో 9.6 వచ్చింది. మంచి కంపెనీ మాత్ర, రోజూ పొద్దున్నే గ్లాసు పాలతో, తర్వాత పావుగంటకి ఫిల్టర్ కాఫీ. మిరప చేలో అమ్మాయికీ దీనికీ తేడా కప్పులోనే. అమెరికాలో ఉండేవాళ్ళకి ఇంకోటి, అక్కడ చాలామంది తేలిగ్గా ఉంటాయని గమ్మీ రూపంలో వచ్చే ప్రీనేటల్ విటమిన్లు తింటారు కదా, వాటిల్లో చాలావాటిలో అసలు ఐరనే ఉండదు, డబ్బా తిప్పి వెనక లేబుల్ చదవండి. శాకాహారులైతే మరీను.

భర్తలకి ఒక మాట. చెకప్‌కి తోడొచ్చి బయట బండి మీద కూర్చుని ఫోన్ చూసుకోకుండా లోపలికి రండి. ఇంట్లోకి సరుకు తెచ్చేది చాలాచోట్ల మీరే, ఏం తెస్తున్నారో నేను మిమ్మల్నే అడగాలి. రాత్రి మాత్ర, నిమ్మకాయ నీళ్ళు మీరు అందిస్తే చాలు, ఏ పాంప్లెట్టూ అంత పని చేయదు, ఫోన్లో అలారం పెట్టుకోండి. మాత్రకి మలబద్ధకం వస్తే నీళ్ళు పెంచండి, కూరలు పెంచండి, వికారం మరీ ఎక్కువైతే తిన్న వెంటనే వేసుకున్నా పర్లేదు, కొంచెం తక్కువ పట్టినా అసలు మానేయడం కంటే నయం.

మిరప కోతల అమ్మాయి తర్వాత నెల చెకప్‌కి వచ్చినప్పుడు 9.5 ఉంది. రోజుకి రెండు మాత్రలు, టీ జరపడం, అత్త పెట్టిన శనగలు, ఇందులో దేని వాటా ఎంతో చెప్పలేను. కాన్పు బాగానే అయింది, ఆడపిల్ల. అయితే కాన్పు తర్వాత అసలు గొడవ మొదలైంది, మాత్రలు ఆపేశారు! బిడ్డ పుట్టాక ఇంకెందుకని. కాన్పు తర్వాత కూడా 180 రోజులు రోజుకొకటి వేసుకోవాలి, పోయిన రక్తం తిరిగి రావాలి కదా, పాలివ్వాలి కదా, మళ్ళీ చేలోకి వెళ్ళాలి కదా. దానికి తోడు బాలింత పథ్యం అని ఆకుకూర బంద్, పప్పు బంద్, గుడ్డు బంద్, వెల్లుల్లి కారంతో అన్నం, నీళ్ళు కూడా లెక్కపెట్టి. పెద్దమ్మ మామూలు విషయాల్లో ఎంత మెత్తబడిందో పథ్యం విషయంలో అంత గట్టిగా ఉంది. పది రోజులు ఆవిడ చెప్పినట్టు, పదకొండో రోజు నుంచి పప్పు, పురుడు అయ్యాక గుడ్డు, మాత్ర మాత్రం ఈ రోజు నుంచే, ఇక్కడికి బేరం తెగింది. పథ్యం గురించి వేరే పోస్ట్ రాస్తా, ఏ ఊళ్ళో ఏది బందో కామెంట్లలో చెప్పండి, గోదావరి వైపూ తెలంగాణ వైపూ లిస్టులు వేరే ఉంటాయని విన్నా.